రోగుల కమిటీలో ఒక రోగి

కొత్తగా కొలువులో చేరిన పిల్లలూ, మీకు ముందుగా ఒక మాట. మీ దవాఖానాకు ఎప్పుడైనా పైనుంచి కాగితం వచ్చి, ఇకమీదట ఆసుపత్రి నడపడంలో రోగులు కూడా పాలుపంచుకోవాలి అని చెబితే కంగారు పడకండి. రాసినవాళ్ళకు రోగులంటే ఎవరో సరిగ్గా తెలియదు, పాలుపంచుకోవడమంటే ఏమిటో అసలే తెలియదు. ఒక బ్యానర్ కట్టించి, సమోసాలు తెప్పించి, ఫొటో దిగి పంపిస్తే సరిపోతుంది. ఆ మాటను నిజంగా నమ్మే మనిషి కమిటీలోకి దూరినప్పుడే చిక్కంతా వస్తుంది. మా దగ్గర అలాంటి మనిషి దూరింది. దూరింది అంటే పాపం, మేమే పిలిచి కుర్చీ వేశాం.

నేను కొత్తగూడెం క్వార్టర్లలో పెరిగినదాన్ని. మా నాన్న బొగ్గుబాయిలో దిగి పనిచేసేవాడు. మా వాడకట్టులో ఆడపిల్లలకు మాటకు మాట చెప్పడం ఎవరూ నేర్పక్కర్లేదు, నల్లా దగ్గరే వచ్చేస్తుంది. స్టాఫ్ నర్సుగా జూలూరుపాడు వైపు కొన్నేళ్ళు హాయిగానే చేశాను. తర్వాత ఇంకొక చోట ఒక పెద్ద డాక్టరుకు ఎదురు చెప్పిన పుణ్యానికి, చర్ల దాటి అడవి అంచున ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ అయింది. శిక్ష అని ఎవరూ అనలేదు. "మీ సేవలు అక్కడ చాలా అవసరమమ్మా" అన్నారు. ఎవరి సేవలైనా ఎక్కడైనా అవసరమని గుర్తుకొచ్చేది అలాంటప్పుడే.

ఆ దవాఖానాలో డాక్టరు గది ఒకటి, కాన్పుల గది ఒకటి, మందులిచ్చే కిటికీ ఒకటి, జనం కూర్చునే రేకుల హాలు ఒకటి. వీటన్నిటికన్నా అందంగా ఏసీతో మీటింగు గది ఇంకొకటి. మామూలు రోజుల్లో హాలులో ఈగలు తోలుకునేవాళ్ళం. సంత రోజున మాత్రం కాలు పెట్టడానికి చోటుండేది కాదు. అడవి ఊళ్ళ జనం కిందికి దిగేది ఆ ఒక్కరోజే. ఊరికొక ట్రాక్టర్ కట్టుకుని, చింతపండూ, కోళ్ళూ, జ్వరాలూ, నొప్పులూ అన్నీ కలిపి అందులోనే వేసుకుని వచ్చేవారు. సంతలో అమ్మేవి అమ్మి, మా దగ్గర చూపించుకునేవి చూపించుకుని, పొద్దుండగానే తిరిగి పోవాలి. దారిలో వాగు ఉంది. పైన వాన పడిందంటే అది ఎవరి మాటా వినదు. ట్రాక్టర్ ఒక్కరి కోసం ఆగితే ఊరంతా వాగు ఇవతలే ఉండిపోతుంది. అందుకని ఆగదు. డాక్టరును చూడనివాళ్ళు చూడనట్టే ఎక్కి వెళ్ళిపోతారు.

నేను వెళ్ళిన కొత్తలో ఆ హాలుకు ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. వాగు అవతలివాళ్ళు ముందు. వాళ్ళలోనూ ఇంకొకరు పట్టుకుంటే తప్ప నిలబడలేనివాళ్ళు మొదట. రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళు తర్వాత. దవాఖానా ఉన్న ఊరివాళ్ళు ఆఖరున. ఒక్క గొడవ జరగడం నేను చూడలేదు. మేము చేయాల్సిందల్లా తలుపు తీసి ఉంచడమే.

ఇంత సుఖంగా జరిగిపోతుంటే ఎవరికి మాత్రం నచ్చుతుంది? టోకెన్ మిషన్ వచ్చింది.

మా డాక్టరుగారు కుర్రవాడు, హైదరాబాదులో చదువుకుని వచ్చినవాడు. చెడ్డవాడు కాదు, ఇబ్బందంతా అదే. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. పొద్దున్నే వచ్చేవాడు, చెయ్యి చాపేవాడు కాదు, విసుక్కునేవాడు కాదు. కాకపోతే ఆయన కళ్ళు ఎప్పుడూ బల్ల మీదున్న ట్యాబు మీదే. రోగి పేరు, వయసు, పాత జబ్బు అన్నీ అందులో కనబడతాయి కాబట్టి రోగిని వేరే చూడాల్సిన పని ఏముంది? ఆయనకున్న కల ఒకటే, మా దవాఖానాకు నాణ్యతా ధ్రువపత్రం రావాలి. దానికి టోకెన్ పద్ధతి ఉంటే మార్కులు. తెప్పించారు. అందులోంచి ఒక ఆడగొంతు తీయగా పిలిచేది. "టోకెన్ నంబర్ పదకొండు, దయచేసి ఒకటో గదికి రండి." మాకున్నదే ఒక్క గది. పొరపాటున ఎవరైనా రెండో గదికి పోతారేమోనని దాని భయం కాబోలు.

ముందు వచ్చినవాళ్ళకు ముందు టోకెన్. దవాఖానా పక్కన ఇల్లున్నవాళ్ళు ముందు వస్తారా, వాగు దాటి రావాల్సినవాళ్ళు ముందు వస్తారా? ఆ లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అందుకే ఎవరూ వేయలేదు.

ఆ ఏడు వానల్లోనే ఒక కోయ అవ్వ తన మనవరాలిని తీసుకుని వచ్చింది. తొలిచూలు, నెలలు నిండుతున్న పిల్ల. తలనొప్పిగా ఉందట. టోకెన్ ఆఖర్లో వచ్చింది. కూర్చున్నారు. మిషన్ తీయగా పిలుస్తూనే ఉంది, వీళ్ళను తప్ప. ఆకాశం నల్లబడింది, ట్రాక్టర్ హారన్ కొట్టింది, లేచి వెళ్ళిపోయారు. ఆ వారంలోనే పిల్లకు ఇంటి దగ్గర ఫిట్స్ వచ్చాయి. పిల్ల బతికింది, కడుపులో బిడ్డ బతకలేదు. మాకు తర్వాతి సంతకు తెలిసింది. డాక్టరుగారు ఆ రోజు అన్నం తినలేదు. కానీ మిషన్‌ను మాత్రం ఏమీ అనలేదు. దాని తప్పేముంది, అది వరసగానే పిలిచింది.

ఆ తర్వాత హాలు తన దారి తాను వెతుక్కుంది. టోకెన్లు తీసుకునేవారు, తీసుకుని చేతులు మార్చుకునేవారు. ముందు నంబరు వాగవతలివాళ్ళకిచ్చి, వెనక నంబరు తీసుకుని రోడ్డు పక్కవాళ్ళు కూర్చునేవారు. పద్ధతి మళ్ళీ మొదటికి వచ్చింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. తలకాయ నొప్పి వచ్చింది ట్యాబుకు. టోకెన్ ఒకరి పేరు మీద ఉంటుంది, ఎదురుగా ఇంకొకరు కూర్చుంటారు. ఒకరోజు దగ్గుతో బాధపడే ఒక ముసలాయన ఒక గర్భవతి టోకెన్ మీద లోపలికి వచ్చాడు. డాక్టరుగారు తల ఎత్తకుండా, "కడుపులో కదలికలు బాగా తెలుస్తున్నాయా?" అని అడిగారు.

ముసలాయన కాసేపు ఆలోచించి, "అవ్ సారూ, పొద్దుగాల్నుంచి ఒకటే గుడగుడ" అన్నాడు.

ఐరన్ గోలీలు రాసిచ్చారు. ఆయన శ్రద్ధగా మింగాడు. ఒంట్లో కాస్త బలం వచ్చిందని రెండో సంతకు మళ్ళీ వచ్చి అవే అడిగాడు. ఆ గర్భవతి పేరు మీద రెండుసార్లు పరీక్ష జరిగినట్టు పైన లెక్క పడింది. జిల్లాలో మా పనితీరు మెరుగైందని మెచ్చుకుంటూ సందేశం కూడా వచ్చింది.

సరిగ్గా అప్పుడు దిగింది, నేను మొదట్లో చెప్పిన ఆ కాగితం. రోగుల భాగస్వామ్య కమిటీ వేయాలి, నెలనెలా మీటింగు పెట్టాలి, ధ్రువపత్రానికి ఇది తప్పనిసరి. డాక్టరుగారు వేశారు. మెడికల్ షాపు యజమాని ఒకరు. మా కిటికీలో మందులు అయిపోయినప్పుడల్లా ఆయన షాపుకు కళ వచ్చేది, అందుకని దవాఖానా బాగోగుల మీద ఆయనకు సహజంగానే శ్రద్ధ. ప్రహరీ కట్టిన కాంట్రాక్టరు ఒకరు. ఆయన గోడ మొదటి వానకే పడుకుంది. ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు. వీళ్ళలో ఎవరికి జలుబు చేసినా మా గడప తొక్కరు, కారు తీసి ఖమ్మం పోతారు. అంతా అయ్యాక డాక్టరుగారికి అనుమానం వచ్చింది.

"సిస్టర్, ఇందులో రోగులెవరూ లేరేమో?"

"లేరు సార్. అంతా ఆరోగ్యంగానే ఉన్నారు" అన్నాను.

"ఒక్కరన్నా ఉండాలి. రెగ్యులర్‌గా వచ్చేవాళ్ళెవరైనా?"

ఆ కోయ అవ్వ ఉంది. ఆమెకు బీపీ. సంత సంతకూ వచ్చి గోలీలు తీసుకుపోయేది. నేనే డాక్టరుగారి గదిలోకి పిలిచి చెప్పాను. ఆమె అన్నీ విని ఒక్కటే అడిగింది.

"నేనొస్తే మావోళ్ళను ట్రాక్టర్ పోకముందే చూస్తరా? నా మనవరాలికి మళ్ళ నెల తప్పింది. ఈసారి ఆ పిల్ల చూపించుకోకుండ ఇంటికి రావద్దు. గంతే నాకు కావాల్సింది."

డాక్టరుగారు నవ్వుతూ, "తప్పకుండా అవ్వా. మీ సమస్యలన్నీ మీటింగులో చెప్పొచ్చు. దానికే ఈ కమిటీ" అన్నారు.

చెప్పొచ్చు అన్నారు, చూస్తామని అనలేదు. ఆ తేడా మనలాంటి ఉద్యోగులకు తెలుస్తుంది. అవ్వ దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకుంది.

మొదటి మీటింగులో ఫిర్యాదుల పెట్టె ఏ గోడకు తగిలించాలి, కర్టెన్లు ఏ రంగువి కొనాలి, సభ్యుల పేర్ల బోర్డు ఎంత పెద్దగా ఉండాలి అన్న విషయాల మీద హోరాహోరీగా చర్చ జరిగింది. అవ్వ కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక సమోసా తిని, ఒకటి మనవరాలి కోసం కొంగున కట్టుకుని, అందరూ అయ్యాక నోరు తెరిచింది.

"వాగవతలోళ్ళను ముందు చూడాలె."

"అది ఇయ్యాల ఎజెండాల లేదవ్వా" అన్నాడు మెడికల్ షాపాయన.

"లేకుంటే పెట్టున్రి."

తర్వాతి మీటింగులో చూద్దామన్నారు. తర్వాతి మీటింగులోనూ అదే అడిగింది. ఆ తర్వాతి మీటింగులోనూ అంతే. ప్రతిసారీ మినిట్స్‌లో మాత్రం రోగుల ప్రతినిధి సేవల పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు అని ఎక్కేది. రాసేవాడికి ఆ వాక్యం రాయడంలో చెయ్యి తిరిగిపోయింది.

పైవాళ్ళు చేయకపోతే తనే చేయాలనుకుంది కాబోలు. ఒక సంత రోజు చూస్తే, డాక్టరు తలుపు పక్కన బల్ల వేసుకుని కూర్చుని ఉంది. "ఏందవ్వా ఇక్కడ కూసున్నవ్?" అంటే, "నన్ను కమిటీల ఏసిన్రు గదా" అంది, నాకేదో తెలివి తక్కువైనట్టు చూస్తూ. వచ్చినవాళ్ళందరి టోకెన్లూ చేతిలోకి తీసుకుని, మనిషిని చూసి, ఊరు అడిగి, ఎవరిది ఎవరికివ్వాలో వాళ్ళకిచ్చేది. కోయ మాటల్లో ఒకరిని గదమాయించేది, తెలుగులో ఇంకొకరిని బుజ్జగించేది. మెడికల్ షాపాయన భార్య ఒకరోజు పట్టుచీర కట్టుకుని ఒకటో నంబరు టోకెన్ పట్టుకుని వచ్చింది. అవ్వ దాన్ని తీసుకుని, చంటిబిడ్డతో ఉన్న ఒక వాగవతలి మనిషికిచ్చింది.

"నీ ఇల్లు గదిగో కనవడుతనే ఉంది గదా బిడ్డా. పోయి కూర పొయ్యి మీదేసి నిమ్మళంగ రా."

ఆ మాటకు హాలంతా నవ్వింది. షాపాయన భార్య మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రమే డాక్టరుగారికి ఫిర్యాదు వచ్చింది. అదీ పెట్టెలో వేయలేదు, ఇంటికే వచ్చి చెప్పారు.

నిజం చెప్పాలంటే ఆ నెలల్లో మా దవాఖానా నడిచినంత బాగా ఎప్పుడూ నడవలేదు. చూపించుకోకుండా ట్రాక్టరెక్కినవాళ్ళు నాకు కనబడలేదు. ట్యాబు ఒక్కటే ఏడ్చేది. డాక్టరుగారు దానితో కలిసి బాధపడేవారు.

తనిఖీ బృందం వస్తున్నదని కబురు రానే వచ్చింది. వాళ్ళు ఎంచుకున్నది సంత రోజు, అదీ వానాకాలంలో. జనం ఉన్నప్పుడు చూస్తేనే కదా క్రమశిక్షణ తెలిసేది. ముందు రోజు డాక్టరుగారు జీపు పంపి అవ్వను కూడా పిలిపించి, అందరికీ పాఠాలు చెప్పారు. టోకెన్ చేతులు మార్చడానికి వీల్లేదు. మిషన్ దగ్గర వాచ్‌మన్ నిలబడాలి. అవ్వ తలుపు దగ్గర కూర్చోకూడదు, మీటింగు గదిలో అతిథులతో కూర్చోవాలి. పొద్దున్నే ఆమె కోసం మళ్ళీ జీపు పంపిస్తాం. బృందంతో వచ్చే పెద్దసారు ఏదైనా అడిగితే ఒక్క మాట చెప్పాలి.

"అంతా మంచిగుంది సారూ, అనాలి. అంతే."

"మంచిగ లేకుంటే?" అంది అవ్వ.

"అప్పుడు కూడా అదే అనాలి."

అవ్వ నా వైపు చూసింది. నేను కప్పు వైపు చూశాను. ఆమె డాక్టరుగారి చెయ్యి పట్టుకుని అడిగింది. "సారూ, జీపుల నా ఒక్కదానికే జాగ అంట, నా మనవరాలు రేపు ట్రాక్టర్ల వస్తది. కాళ్ళు ఉబ్బినయ్. నేను తలుపుకాడ లేకుంటే ఆ పిల్లను ముందు ఎవరు చూస్తరు?"

"నేను చూస్తానవ్వా. మీరు కంగారు పడొద్దు."

ఆమె బయటికి వెళ్ళాక నేనూ గుర్తుచేశాను. ఆయన నుదురు రుద్దుకుని, "టోకెన్ వరసలోనే చూద్దాం సిస్టర్. ఈ ఒక్కరోజు" అన్నారు. ఒక్కరోజే కదా అని జరిగే పనుల జాబితా రాస్తే మన శాఖ చరిత్ర అంతా అందులోనే సరిపోతుంది. ఆ మాట పైకి అనేశాను కూడా. నన్ను పూలగుచ్ఛాల డ్యూటీలో వేశారు.

తెల్లవారి సన్నగా తుంపర. తనిఖీ బృందం కార్లు దిగింది. పెద్దసారు కూడా ఒకప్పుడు డాక్టరేనట. రోగిని ముట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆయన చేతులు చూస్తేనే తెలిసిపోతుంది, అంత మెత్తగా ఉన్నాయి. ఆయన కుర్చీకి తెల్ల తువ్వాలు కప్పాం. డాక్టరుగారు ఓపీ ఆపేసి, మీటింగు గదిలో గోడ మీద ప్రొజెక్టరుతో బొమ్మలు వేసి చూపించడం మొదలుపెట్టారు. ప్రతి బొమ్మలోనూ రోగి నడిమధ్యన ఉన్నాడు, చుట్టూ బాణాలు. అసలు రోగులు మాత్రం బయట హాలులో వరసగా కూర్చుని ఉన్నారు. డాక్టరు లోపలే ఉన్నాడు కాబట్టి మిషన్ కూడా నోరు మూసుకుంది. పెద్దసారు అద్దాల తలుపులోంచి హాలును చూసి, "ఎంత ప్రశాంతంగా ఉందండీ! ఇలాంటి క్రమశిక్షణ టౌన్లలో కూడా చూడలేదు" అన్నారు. ఎవరినీ చూడని దవాఖానా ప్రశాంతంగా ఉండక ఏమవుతుంది!

అవ్వ కొత్త చీరలో, కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఆమె చూపు అద్దం దాటి బయటే ఉంది. ట్రాక్టర్ ఆలస్యంగా వచ్చింది. వాగులో నీళ్ళు అప్పటికే మోకాళ్ళ దాకా ఉన్నాయట. జనంతోపాటు ఒక పడుచు దిగింది, మొగుడు భుజం పట్టుకుని. వెలుతురు చూడలేనట్టు ఒక చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. వాచ్‌మన్ ఆఖరి టోకెన్ ఇచ్చాడు. ముందు వరసలోని ఒకాయన లేచి తన టోకెన్ ఆమెకివ్వబోతే వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు. "ఇయ్యాల నడవదు, కూసో." ఆయన కూర్చున్నాడు. ఆ పిల్ల హాలు చివర గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

సరిగ్గా అప్పుడే పెద్దసారు, "ఇప్పుడు మన రోగుల ప్రతినిధి అభిప్రాయం విందాం. చెప్పండమ్మా, ఈ ఆసుపత్రి ఎలా ఉంది?" అన్నారు. కెమెరా అటు తిరిగింది.

అవ్వ లేచి నిలబడింది. "అంతా మంచిగుంది సారూ" అంది. నేర్పినట్టే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే ఆమె తలుపు తీసుకుని బయటికి నడిచింది. ఏదో పనిమీద పోయిందేమో అనుకున్నారు. నేను అనుకోలేదు. నా చేతిలోని పూలగుచ్ఛం పక్కనపెట్టేశాను.

మనవరాలిని నడుము పట్టుకుని తీసుకొచ్చింది. టోకెన్ లేదు, పిలుపు లేదు, అనుమతి లేదు. గది మధ్యకు తెచ్చి, తువ్వాలు కప్పిన కుర్చీ దగ్గర ఆగింది.

"సారూ, జర లెవ్వున్రి. పిల్ల నిలవడలేకపోతున్నది."

పెద్దసారు అలవాటు లేని మాట విని అలవాటు లేకుండానే లేచారు. ఆ పిల్ల తెల్ల తువ్వాలు మీద కూర్చుని, తల వెనక్కి వాల్చేసింది.

"ఈ పిల్లను చూడున్రి. మీ మీటింగు ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం."

"క్యూ తప్పితే మార్కులు పోతయ్ అవ్వా" అని మెడికల్ షాపాయన గుసగుసగా అన్నాడు, సమోసా చేతిలో పట్టుకుని. "ఈమె టోకెన్ నంబరెంత?" అని బృందంలో ఇంకెవరో అడిగారు. నా ఒళ్ళు మండిపోయింది. "నంబరు చెప్తాను ఉండండి" అని బీపీ మిషన్ తెచ్చి చుట్టాను. ఉండకూడనంత పైకి ఎక్కిన ఆ నంబరును గట్టిగా చదివి వినిపించాను. ముఖం ఉబ్బింది, కళ్ళు మసకలంటున్నది, కడుపు పైభాగంలో నొప్పి అంటున్నది. ఇంకాస్త ఆగితే కిందటేడు ఇంటి దగ్గర జరిగింది ఇప్పుడు మా హాలులో జరిగేది.

డాక్టరుగారు గోడ మీది బొమ్మను అలాగే వదిలేసి వచ్చారు. ఆ రోజు మాత్రం ట్యాబు ఎక్కడుందో కూడా ఆయన చూడలేదు. ఆ పిల్ల ముఖంలోకి చూశారు, మోకాళ్ళ మీద కూర్చుని పాదాలు నొక్కి చూశారు. ఫిట్స్ రాకుండా సూది, బీపీ దించే మందు, అంబులెన్స్‌కు ఫోను, అన్నీ క్షణాల్లో జరిగిపోయాయి. ఏమాటకామాటే చెప్పాలి, ఆ కుర్రవాడు మంచి డాక్టరు. తల ఎత్తితే చాలు.

అంబులెన్స్‌లో నేనూ, పిల్లా, మొగుడూ, అవ్వా బయల్దేరాం. భద్రాచలం పెద్దాసుపత్రిలో వెంటనే ఆపరేషన్ గదిలోకి తీసుకున్నారు. బయట బల్ల మీద కూర్చున్నాం. అవ్వ పమిట చెంగుతో నుదురు గట్టిగా కట్టుకుంది. "ఏందవ్వా?" అంటే, "తలకాయ పగిలిపోతున్నది బిడ్డా. కొన్ని దినాలుగ గిట్లనే ఉన్నది" అంది.

నా సంచిలో బీపీ మిషన్ ఉంది. చేతికి చుట్టి చూశాను. రెండోసారి చూశాను. మనవరాలికి ఎంత ఉందో ఈమెకూ ఇంచుమించు అంతే ఉంది.

"గోలీలు వేసుకుంటలేవా?"

"ఏడియి గోలీలు? కమిటీల జేరి తలుపుకాడ కూసున్నప్పటిసంది తీసుకోలేదు."

"ఎందుకు తీసుకోలేదవ్వా? వారం వారం ఆడనే ఉంటివి గదా!"

ఆమె నన్ను జాలిగా చూసింది. "లైన్ల నిలవడితేనే గదా గోలీలిచ్చేది. నేను లైను చూసుకోవాల్నా, లైన్ల నిలవడాల్నా? అందరికన్న ముందు నేనే దూరితే నా మాట ఎవరింటరు? అందరైనంక పోదామని ఆగుత. అప్పటికి ట్రాక్టర్ హారన్ కొడ్తది."

ఆ హాలులో చూపించుకోకుండా ట్రాక్టరెక్కినవాళ్ళు లేరని ఇందాక గొప్పగా చెప్పాను చూశారా, ప్రతి సంతకూ ఒకరు ఉన్నారు. రోగులకు చోటివ్వాలని వెతికి వెతికి ఒక్క రోగిని పట్టుకొచ్చాం, సభ్యురాలిని చేశాం, ఫొటోలు తీశాం, సమోసాలు పెట్టాం. వైద్యం ఒక్కటే మానేశాం. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరిమీద చూపించాలో తెలియక అక్కడి నర్సు మీద అరిచి, గోలీ తెప్పించి, దగ్గరుండి మింగించాను. ఆమె చేదుగా ముఖం పెట్టి మింగింది. అంతలో తలుపు తీసి, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అన్నారు. అవ్వ బల్ల మీదే కూలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎవరో ఒకరు ఏడవాలిగా, తనిఖీ బృందం ఎలాగూ ఏడవదు.

కొన్నాళ్ళకు వాళ్ళ నివేదిక వచ్చింది. ధ్రువపత్రం రాలేదు. నిరీక్షణ హాలులో వరస క్రమం పాటించలేదు, మార్కులు కోత. సమావేశంలో మర్యాద లోపించింది, మార్కులు కోత. రోగుల భాగస్వామ్యం నిర్దేశించిన స్థాయిని మించి ఉంది, దాన్ని తగిన హద్దుల్లో ఉంచాలి. ఈ వాక్యం చదివి డాక్టరుగారు మొదటిసారి పగలబడి నవ్వడం చూశాను. కమిటీని మళ్ళీ వేయమన్నారు. అవ్వ పేరు తీసేసి, రోగుల ప్రతినిధిగా మెడికల్ షాపాయన భార్యను పెట్టారు. ఆమెకు అప్పుడప్పుడు తలనొప్పి వస్తుందట, రోగి కిందే లెక్క.

ఆ తర్వాతి సంతకు అవ్వ వచ్చి తన బల్ల దగ్గరికి పోబోయింది. నేను ఆపి, కమిటీలోంచి తీసేశారని చెప్పాను.

"నేనేం తప్పు చేసిన బిడ్డా?"

"తప్పు చెయ్యలే అవ్వా. చెప్పినట్టు చేసినవ్. అదే వాళ్ళకు నచ్చలే."

"మరి తలుపుకాడ ఎవరుంటరు?"

నేను టోకెన్ మిషన్ వైపు చూపించాను. ఆమె మిషన్ దగ్గరికి వెళ్ళి, మామూలు మనిషిలా టోకెన్ తీసుకుని, హాలు చివరికి పోయి కూర్చుంది. మిషన్ తీయగా ఒకటో నంబరును పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. అప్పుడు ముందు వరసలోంచి ఒకాయన లేచాడు, తనిఖీ రోజున వాచ్‌మన్ కర్రతో కూర్చోబెట్టిన ఆయనే. గదివైపు పోకుండా హాలు చివరికి నడిచి, తన టోకెన్ అవ్వ చేతిలో పెట్టాడు.

"నువ్వు పో ముందు."

"నాకేమైంది? నువ్వు దగ్గుతున్నవ్, నువ్వే పో" అని అవ్వ కసిరింది.

"నీది వాగవతల గాదా? పో అవ్వా" అని పక్కనున్న ఆడమనిషి అంది. ఇంకొకరు అన్నారు. కోయలో, తెలుగులో హాలంతా ఒకటే మాట. వాచ్‌మన్ కర్ర ఎత్తబోయి నా ముఖం చూసి దించేశాడు. ఆమె గొణుక్కుంటూ, అందరినీ తిట్టుకుంటూ లేచి వచ్చింది.

లోపల డాక్టరుగారి ట్యాబు మీద ఆ మగమనిషి పేరూ, దగ్గూ కనబడుతున్నాయి. ఆయన ఒక్క క్షణం దాన్ని చూశారు. బోర్లా తిప్పి పక్కనపెట్టి తల ఎత్తారు.

"కూర్చో అవ్వా. చెయ్యి ఇటివ్వు."

అప్పటినుంచి ఆమెకు గోలీలు తప్పలేదు. పైన లెక్కల్లో మాత్రం అవి ఆ దగ్గు మనిషి పేరు మీదే పడ్డాయి. దగ్గుకు బీపీ మందు ఎందుకిచ్చారో సంజాయిషీ ఇవ్వమని నాకు మెమో వచ్చింది. నేను జవాబు రాయకుండానే రిటైరయ్యాను. ఎవరైనా ఇంకా ఆ జవాబు కోసం ఎదురుచూస్తుంటే, వరసలో కూర్చోమనండి.